చేతిలో కంకర రాయి

మూడేళ్ల కిందట, యాసంగి కోతలు ముగిసి వడ్లన్నీ కొనుగోలు కేంద్రాల్లో రాశులు పోసి ఉన్న రోజుల్లో, మా మండల కేంద్రం దగ్గర పెద్దరోడ్డు మీద రైతులు చేసిన రాస్తారోకోలో నేనూ కూర్చున్నాను. 26 ఏళ్లు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మనిషికి నడిరోడ్డు మీద ఏం పని అని మా ఇంట్లోనే అడిగారు. మా వడ్లు 18 రోజులుగా కాంటా కాలేదు. మొదట తేమ 17 శాతం దాటిందన్నారు. ఆరబోసి తెచ్చాక గోనె సంచులు లేవన్నారు. సంచులు వచ్చాక లారీలు లేవన్నారు. ఈలోగా రెండు వానలు పడ్డాయి. పరదాలు కప్పినా రాశి అడుగున నీళ్లు చేరి వడ్లు మొలకెత్తాయి. ఆ మొలకలను దోసిట్లో పట్టుకుని చూసిన వాడెవడూ, మేము పని లేక రోడ్డెక్కామని అనడు.

ఆ రోజు జరిగింది చిన్న సంగతి. జిల్లా పేజీలో ఒక మూలన వచ్చింది, మర్నాటికి పాతబడింది. ఊరి పేరూ, ఠాణా పేరూ ఇక్కడ రాయదలచుకోలేదు. అయితే ఆ రెండు గంటలు నా మనసులోంచి పోలేదు కనుక, గుంపు గురించీ గుంపును అదుపు చేసే వారి గురించీ ఆ తర్వాత చదివినదీ, విన్నదీ కలిపి రాస్తున్నాను.

ఉదయం పదింటికి మేము 200 మంది దాకా ఉన్నాం. అందరం ఒక్కటిగా ఉన్నామనుకుంటే పొరపాటు. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల వాళ్లం ఒక పక్క, బోర్ల మీద పండించిన వాళ్లు ఒక పక్క, ఈ పార్టీ కండువాలు ఒక పక్క, ఆ పార్టీ కండువాలు మరో పక్క కూర్చున్నాయి. మాట్లాడేది ఎవరు ముందన్న దాని మీద చిన్న గొడవ కూడా అయింది. రెండు పక్కలా వాహనాలు నిలిచిపోయాయి. 108 బండి వస్తే ఎవరూ చెప్పకుండానే జనం లేచి దారి ఇచ్చారు. కాసేపటికి పెండ్లి బస్సొకటి వచ్చింది. వదలాలా వద్దా అని మగవాళ్లు తర్జనభర్జన పడుతుండగా ఆడవాళ్లే లేచి, లగ్నం దాటిపోతుందని దాన్ని పంపేశారు. ఎస్సై వచ్చి, తహసీల్దారు బయలుదేరారు, అరగంటలో వస్తారు, అప్పటిదాకా ఎవరూ తొందర పడవద్దని చెప్పారు. సరేనన్నాం. నినాదం ఒకటే నడుస్తోంది: "తడిసిన వడ్లు కొనాలె."

ఆ అరగంట పూర్తి కాకముందే జిల్లా కేంద్రం నుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. హెల్మెట్లు, ఫైబరు లాఠీలు, డాలులతో పాతిక మంది దిగారు. వారిని నడిపిస్తున్న అధికారిని మాలో ఎవరూ ఎన్నడూ చూడలేదు, ఆయనకూ మేమెవరమో తెలియదు. మా ఎస్సై ఆయన దగ్గరికి పోయి ఏదో చెప్పబోయారు గానీ మాట సాగినట్టు లేదు. బలగం ఒక అంచు నుంచి నెట్టుకుంటూ వచ్చింది. ఆ అంచున ఉన్నవాళ్లు అసలు ధర్నాలో ఉన్నవాళ్లు కారు. చాయ్ బండి దగ్గర నిలబడిన లారీ డ్రైవర్లు, రాశికి కాపలాగా మంచం వేసుకున్న ఒక ముసలాయన, చూడ వచ్చిన పిల్లలు. లాఠీ చాయ్ బండికి తగిలి మరుగుతున్న గిన్నె కింద పడింది. పాలు రోడ్డు మీద తెల్లగా పారాయి. ఆ చాయ్ అతని ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. కోపం కాదు, ఏం జరిగిందో అర్థం కాని ముఖం.

ఆ క్షణం తర్వాత ఆ కండువాలేవీ నాకు కనిపించలేదు. కాలువ కింది వాళ్లూ, బోరు కింది వాళ్లూ అన్న తేడా పోయింది. అప్పటిదాకా మమ్మల్ని తిట్టుకుంటూ ఉన్న లారీ డ్రైవర్లు మా మధ్యకు వచ్చి నిలబడ్డారు. నినాదం మారిపోయింది. "తడిసిన వడ్లు కొనాలె" పోయి "పోలీసుల జులుం నశించాలె" వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నా గొంతు కూడా అదే అంటున్నదని మాత్రం నాకు వినబడింది. వడ్ల మాట అక్కడితో సరి, ఇక ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

నా చేతిలో ఒక కంకర రాయి ఉంది. రోడ్డు వెడల్పు చేయడానికి పోసిన కుప్పలోది. ఎప్పుడు వంగి తీసుకున్నానో గుర్తు లేదని రాస్తే బాగుంటుంది, కానీ అది అబద్ధం. నాకు బాగా గుర్తుంది. రెండు రాళ్లు చూసి, పెద్దది దూరం పోదని చిన్నది ఏరుకున్నాను. మతి పోయిన వాడు అలా ఏరుకోడు. నేను చేయబోయేది న్యాయమేననీ, నా పక్కనున్న వాళ్లంతా అదే అనుకుంటున్నారనీ, ఇంత స్పష్టంగా నాకు ఏ తరగతి గదిలోనూ అనిపించలేదు. అప్పుడు నా ఎడమ పక్క నుంచి ఒక గొంతు వినబడింది. "సార్, మీరు గూడనా?" మఫ్టీలో ఉన్న స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్. నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లవాడు. బెదిరింపుగా అనలేదు, నిజంగానే అడిగాడు. రాయి దానంతటదే కింద పడింది.

మన భాషలో గుంపును చులకన చేసే మాటలకు కొదవ లేదు. గుంపులో గోవిందా అంటాం. అల్లరి మూక అని పత్రికలు రాస్తాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఇళ్లల్లో అంటారు. గుంపులో చేరగానే మనిషి తన బుద్ధిని ఇంటి దగ్గర వదిలేసి వస్తాడన్న నమ్మకం అంతటా ఉంది. దీనికి శాస్త్రం రూపం ఇచ్చినవాడు ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లెబాన్. 1871లో పారిస్ కమ్యూన్ అనే ప్రజల తిరుగుబాటు నాటి రోజులను కళ్లారా చూసిన ఈ పెద్దమనిషి 1895లో గుంపుల మనస్తత్వం మీద పుస్తకం వేశాడు. గుంపులో మనిషి తన వ్యక్తిత్వాన్ని కోల్పోతాడని, ఆవేశం అంటువ్యాధిలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని, గుంపు ఆలోచించదని ఆయన సారాంశం. ఆయన గుంపును మేడ మీది కిటికీలోంచి చూశాడని నాకనిపిస్తుంది. కింద నిలబడిన వాడికి ఏం బాధ ఉందన్నది ఆ కిటికీకి కనబడదు. అయినా నూరేళ్లకు పైగా ఆ అభిప్రాయమే ప్రభుత్వాలకూ పోలీసు శాఖలకూ పనికొచ్చింది. ఎందుకంటే గుంపుకు మతి లేదన్న తర్వాత దానితో మాట్లాడవలసిన పని ఉండదు.

ఈ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించిన వారిలో ఇంగ్లండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ రైకర్ ముఖ్యుడు. 1980 ఏప్రిల్ 2న బ్రిస్టల్ నగరంలోని సెయింట్ పాల్స్ అనే పేటలో, నల్లజాతి వారు ఎక్కువగా చేరే ఒక కేఫ్ మీద పోలీసులు దాడి చేశారు. దానితో అల్లరి మొదలైంది, చివరికి పోలీసులే కొన్ని గంటల పాటు పేట విడిచి పోవలసి వచ్చింది. అందులో పాల్గొన్న వారితో మాట్లాడి రైకర్ తేల్చిన విషయం ఆసక్తికరం. జనం పోలీసుల మీదా వారి వాహనాల మీదా రాళ్లు వేశారు, బ్యాంకు తగలబెట్టారు. ఇళ్ల జోలికి పోలేదు. పోలీసులు పేట పొలిమేర దాటగానే వెంటపడటం మానుకున్నారు. మతి లేని గుంపుకు పొలిమేర ఎలా తెలుస్తుంది? వారికి తాము ఎవరో తెలుసు, తమకు ఎదురు ఎవరో తెలుసు, తమ చోటు ఎక్కడి దాకానో తెలుసు. గుంపులో మనిషి తనను తాను పోగొట్టుకోడు. "నేను" అన్న దాని స్థానంలో "మేము" వస్తుంది, ఆ "మేము" ఏది తగును, ఏది తగదు అన్న హద్దులను వెంట తెస్తుంది. పెండ్లి బస్సును పంపిన మా ఊరి ఆడవాళ్లను తలచుకుంటే ఇది నాకు వెంటనే బోధపడింది.

తర్వాత క్లిఫర్డ్ స్టాట్, జాన్ డ్రూరీ అనే పరిశోధకులు ఇదే దారిలో పని చేసి మరొక మెట్టు కలిపారు. ఒక సభకు వచ్చిన వారిలో ఎన్నో రకాల వారుంటారు. గొడవ చేయాలని వచ్చిన వాళ్లు పదిమంది ఉండవచ్చు, వారిని మిగతా వాళ్లు పట్టించుకోకపోవచ్చు. పోలీసులు అందరినీ ఒకే గాటన కట్టి ఒకే లాఠీతో కొట్టినప్పుడు, అప్పటిదాకా విడివిడిగా ఉన్నవారంతా నిజంగానే ఒక్కటవుతారు. అప్పుడు ఆ పదిమందే ముందు నిలుస్తారు, "మేము చెప్పలేదా" అంటారు, వారి మాటకు విలువ వస్తుంది. గుంపు ప్రమాదకరమన్న భయంతో చేసిన పని గుంపును ప్రమాదకరంగా మారుస్తుంది. రోడ్డు మీద పాలు పారిన ఆ క్షణంలో జరిగింది ఇదే.

దీన్ని ఆచరణలో పెట్టి చూసిన చోటూ ఉంది. 2004లో పోర్చుగల్‌లో యూరోపియన్ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఇంగ్లండు అభిమానులంటే అప్పట్లో ఐరోపా మొత్తానికి దడ. పెద్ద నగరాల్లో బందోబస్తు చూసిన పోలీసు విభాగం మామూలు యూనిఫారంలో ఇద్దరిద్దరు చొప్పున జనంలో తిరిగే ఏర్పాటు చేసింది, పలకరించమంది. హెల్మెట్ల బలగాన్ని కళ్లకు కనపడకుండా పక్క వీధుల్లో ఉంచింది. అక్కడ పోటీలు ప్రశాంతంగా జరిగాయి. ఈ పద్ధతి వర్తించని, వేరే విభాగం కింద ఉన్న అల్బుఫెయిరా అనే సముద్రతీర పట్టణంలో మాత్రం అదే దేశపు అభిమానులతో రెండు రాత్రులు గొడవలయ్యాయి.

ఇదంతా చదివి మా మేనత్త కొడుకుతో చెప్పాను. ఆయన ఆర్ముడ్ రిజర్వులో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయాడు. నవ్వి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "నువ్వు రెండు గంటలు కూసున్నవ్ బావా. మేము తెల్లారంగ నాలుగింటికి బస్సెక్కినం. యాడికి పోతున్నమో ఎక్కినంక చెప్పిన్రు. నాష్టా లేదు, నీళ్ల సీసా ఒకటిచ్చిన్రు. ఆడకానిస్టేబుళ్ల తిప్పలు నువ్వే సోంచాయించు, రోడ్డు మీద యాడ పోతరు? హెల్మెట్ పెట్టుకున్నంక పక్కోడు మాట్లాడేది గూడ ఇనరాదు. ముందల ఉన్నది నువ్వా, మీ చాయ్ పిలగాడా అని ఎరుక గాదు. అంత ఒక్కటే మంది లెక్క గొడ్తది. వైర్‌లెస్ సెట్ల మాటొచ్చిందంటె ఉరుకుడే." లాఠీ నడుము కింద తగలాలన్న నియమం గురించి అడిగాను. "ఉరికెటోని నడుము ఒక్క తీరు ఉంటదా?" అన్నాడు.

బలగం కూడా ఒక గుంపే అన్న సంగతి ఆయన మాటలతోనే నాకు తట్టింది. ఆకలి, నిద్రలేమి, ఎదుటివారి ముఖాలు కనబడని హెల్మెట్, పక్కవాడికి రాయి తగిలిందన్న వార్త. మమ్మల్ని వారు ఒక్కటే మందిగా చూశారు, మేమూ వారిని ఒక్కటే ఖాకీగా చూశాం. నా చేతిలోని రాయి ఎవరికి తగిలేదో నేను ఆలోచించలేదు. మా బావ లాంటి వాడికే తగిలి ఉండేది.

చట్టం దగ్గరికి వస్తే, రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును ఇస్తూనే, దానికి సహేతుకమైన పరిమితులు విధించవచ్చునంటుంది. ఆ పరిమితులు మా జిల్లాలో జనానికి అంకెల రూపంలో తెలుసు. పాత 144 సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163గా మారింది గానీ, ఊళ్లో ఇప్పటికీ 144 అనే అంటారు. "జిల్లాలో 30 యాక్టు అమలు" అని తరచూ పత్రికల్లో వస్తుంది; అది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. దాన్ని చదివితే ఊరేగింపులు ఏ దారిన, ఏ వేళల్లో పోవాలో నిర్ణయించడానికీ, లైసెన్సు తీసుకోమనడానికీ పెట్టినది. వాడుకలో మాత్రం నిషేధానికి మరో పేరైంది. ఇక చట్టవిరుద్ధ సమూహం కావడానికి చట్టం తప్పుగా ఎంచిన ఒక ఉమ్మడి ఉద్దేశం ఉన్న ఐదుగురు చాలు. ఆ ఉద్దేశం నెరవేర్చడానికి ఒకడు చేసిన నేరం అందరి మెడకూ చుట్టుకుంటుంది. ఇదివరకటి 141, 149 సెక్షన్లు, భారతీయ న్యాయ సంహితలో 189, 190. పరిశోధకులు వద్దన్న పనినే, అంటే అందరినీ ఒకే గాటన కట్టడాన్నే, చట్టం తేలిక చేసి పెట్టిందని నా అభిప్రాయం. ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో 2011 జూన్‌లో నిద్రపోతున్న జనం మీదికి అర్ధరాత్రి పోలీసులు వెళ్లిన ఉదంతంలో సుప్రీంకోర్టు 2012లో పోలీసులను గట్టిగా తప్పుబట్టింది. నిద్రపోతున్న గుంపు ఎవరికి ప్రమాదం?

లాఠీతో, తూటాతో గుంపు చెదిరిపోతుందన్నది ఎప్పుడూ నిజం కాదని ఈ నేలకు ముందే తెలుసు. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనం ఇళ్లకు పోలేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లూ కదిలి వచ్చారు, ఆ తర్వాత సాగిన తెలంగాణ సాయుధ పోరాటం చరిత్ర అందరికీ తెలిసిందే. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల మీద ఆందోళన చేసిన వారిపై కాల్పుల్లో ముగ్గురు, 2007 జూలై 28న పక్కనున్న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి కోసం ఆందోళన చేసిన వారిపై కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ తేదీలు ఈనాటికీ ఏటా సభలై వస్తున్నాయి. 2024 నవంబరు 11న పాత పాలమూరు జిల్లా కొడంగల్ ప్రాంతంలోని లగచర్లలో భూసేకరణ విషయమై వచ్చిన అధికారుల మీద దాడి జరిగింది, రాత్రికి రాత్రే పలువురిని పట్టుకుపోయారు, నెల తిరగకముందే ఆ భూసేకరణ ప్రకటనను ప్రభుత్వం ఉపసంహరించుకుంది. దోషులెవరన్నది న్యాయస్థానాలు చూసుకుంటాయి. వెనక్కి తీసుకోదగిన ప్రకటన అయినప్పుడు, ఆ పని నవంబరు 10న చేసి ఉంటే అధికారులకు దెబ్బలూ, రైతులకు జైలూ తప్పేవి కదా అన్నదే నా బాధ.

గుంపుకు బుద్ధి ఉంటుందంటే మంచి బుద్ధే ఉంటుందని కాదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుట్టిన పుకారుతో మన రాష్ట్రంలోనూ అమాయకులను కొట్టి చంపారు. ఆ "మేము" లో కొత్త మనిషికి చోటు లేదు. ఆ కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఊరికొక కానిస్టేబుల్‌కు బాధ్యత అప్పగించి, డప్పులతోనూ పాటలతోనూ ఇంటింటికీ ప్రచారం చేయించారు. ఆమె పరిధిలోని ఊళ్లలో అలాంటి చావు ఒక్కటీ జరగలేదు. ఊళ్లో మనుషుల పేర్లు తెలిసిన ఒక కానిస్టేబుల్ చేసే పని ఒక ప్లటూన్ చేయలేదు. నా సంగతి వేరే చెప్పాలా.

రెండేళ్లకోసారి మాఘంలో సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు లక్షల జనం వస్తారు. "ఓ లింగా" అని భేరీలతో, గజ్జెల లాగులతో గట్టెక్కే ఆ జనం కన్నా పెద్ద గుంపు ఏ ధర్నాకూ రాదు. హైదరాబాద్, విజయవాడ రహదారిని మళ్లిస్తారు, ఎవరూ రాస్తారోకో అనరు. ఖాకీలు గంపలు మోసే ఆడవాళ్లకు దారి చేస్తారు, తప్పిపోయిన పిల్లలను మైకు దగ్గరికి చేరుస్తారు. అక్కడ అసలు భయం వేరు: చదరపు మీటరుకు ఆరేడుగురు చేరాక ఎవరి కాళ్లూ వారి మాట వినవు, జనం నీళ్లలా ఊగుతారు, ఊపిరాడక పోతారు. తొక్కిసలాట అన్న మాట ఒకరినొకరు తొక్కుకున్నారన్న నిందను జనం మీదికే నెడుతుంది గానీ, చాలాసార్లు తప్పు ఇరుకు దారిని వదిలిన వారిది. అదే బలగం, అదే జనం; గట్టు మీద భక్తులు, హైవే మీద మూక.

నల్లగొండ జనానికి మరో విద్య కూడా వచ్చు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడు, సాగునీటి గోడు దేశానికి వినిపించడానికి జల సాధన సమితి పిలుపు మీద రైతులు నామినేషన్లు వేయగా, నల్లగొండ స్థానంలో అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. ఏ లాఠీకీ అందని గుంపు అది. ఆ ఏడే చట్టం మార్చి డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. దాన్ని కూడా ఒక రకం బారికేడ్ అనే నేను లెక్క వేసుకుంటాను.

మా రాస్తారోకో మరుసటి ఏడాది మళ్లీ వడ్లు ఆగాయి. ఈసారి గోనె సంచుల దగ్గరే. రోడ్డెక్కాలని అనుకున్న ముందు రోజు రాత్రి, నా పూర్వ విద్యార్థి అయిన ఆ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. ఎంతమంది వస్తారు, ఎవరు మాట్లాడతారు అని అడిగాడు, చెప్పాను. ఒక పక్క దారి వదలమన్నాడు, సరేనన్నాను. తహసీల్దారును పది గంటలకే తెచ్చి కూర్చోబెట్టే పని తనదన్నాడు. చివరికి ఎన్ని గంటలు కూర్చుంటారని అడిగాడు. రెండు గంటలన్నాను. కాసేపు ఊరుకుని, "గంటన్నర చేయుండ్రి సార్, పన్నెండింటికి పెద్దసారు బండి ఇటే వస్తది" అన్నాడు. గంటా నలభై ఐదు నిమిషాల దగ్గర బేరం కుదిరింది.